ఓపెన్ మైండ్‌కు హద్దు ఎక్కడ? ఎదుటి పక్షం మాట ఎంతదాకా వినాలి?

పెన్నగాలి (అనంతపురం) – శనివారం, రాత్రి 9:40

మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో జరిగిన గొడవ గురించి అడుగుతున్నాను. మామూలు పార్టీల గొడవైతే ఇక్కడ రాసేవాణ్ణి కాదు, అది మాకు అలవాటే. మా ఇంట్లో నాయన కాంగ్రెస్, చిన్నాయన తెలుగుదేశం. ఎన్నికలొస్తే ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్లు, పొద్దున్నే కలిసి చేనికి పోయేవాళ్లు. అట్లా పెరిగాను కాబట్టి ఎవరి మాటైనా ముందు విందాం అనేది నా పద్ధతి.

గ్రూపులో ఒక క్లాస్‌మేట్ ఉన్నాడు. చెడ్డవాడు కాదు. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు పరుగెత్తుకొచ్చి రక్తం ఇచ్చింది వాడే. ఈ మధ్య ఫలానా మతం వాళ్ల అంగళ్లలో కొనొద్దు, వాళ్ల ఆటోలు ఎక్కొద్దు అని మెసేజ్‌లు పెడుతున్నాడు. తీసెయ్ అని అడిగితే వాడన్న మాట: "రోజూ ఓపెన్ మైండ్ అంటావు కదా, అది నీకు నచ్చిన అభిప్రాయాలకేనా? నాదీ ఒక రాజకీయ అభిప్రాయమే, విను."

వాడి మాటలో న్యాయం లేదని గట్టిగా అనిపిస్తోంది. ఎందుకు లేదో సూటిగా చెప్పలేకపోతున్నాను. ఎదుటివాళ్ల రాజకీయం వినడానికి హద్దంటూ పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఏ లెక్కన?

రాజువిహార్ (కర్నూలు) – శనివారం, రాత్రి 9:52

బ్లాక్ చెయ్ బ్రో. కార్ల్ పాపర్ అనే తత్వవేత్త ఎప్పుడో చెప్పాడు, సహనం లేనివాళ్ల పట్ల సహనం చూపకూడదని. అయిపోయింది.

పెన్నగాలి – శనివారం, రాత్రి 10:05

బ్లాక్ చేస్తే నా టెన్షన్ తగ్గుతుంది, అంతే. గ్రూపులో మిగతావాళ్లంతా ఆ మెసేజ్‌లు చదువుతూనే ఉంటారు కదా.

కేసీకెనాల్ (కర్నూలు) – శనివారం, రాత్రి 10:48

హద్దు ఉండాలి, కానీ అది చాలా ఇరుగ్గా ఉండాలి. కాస్త వదులు చేస్తే మనం వినాల్సిన మాటలు కూడా అందులో కొట్టుకుపోతాయి. మన ఊరి సంగతే చెప్తాను.

2020లో మూడు రాజధానుల చట్టం వచ్చింది, 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్యకాలంలో కర్నూలుకు హైకోర్టు కావాలని ఎవరు నోరు తెరిచినా ఫలానా పార్టీ ఏజెంట్ అనేవాళ్లు. అమరావతికి భూములిచ్చిన రైతుల గోడు వినండి అని ఎవరైనా అంటే సీమ ద్రోహి అనేవాళ్లు. రెండు వైపులా చెవులు మూసుకున్నారు. అసలు హైకోర్టు అడగడం ఎప్పటి మాట? 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో శ్రీబాగ్ ఒప్పందం కుదిరింది. రాజధాని ఒకచోట, హైకోర్టు ఇంకోచోట, ఒకటి కోస్తాలో ఒకటి సీమలో, ఏది కావాలో ముందు సీమవాళ్లు ఎంచుకోవాలి అని అందులో ఉంది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరులో పెట్టారు. 1956లో రెండూ హైదరాబాదుకు పోయాయి. ఇప్పుడు కొట్టుకుంటున్న రెండు పెద్ద ప్రాంతీయ పార్టీల్లో ఏదీ 1937కు పుట్టలేదు.

అంటే పార్టీ పేరు చూసి చెవులు మూసుకుంటే ఎనభై ఏళ్లు దాటిన న్యాయమైన డిమాండ్ కూడా కుట్రలాగే కనిపిస్తుంది. అట్లాగే గుంటూరు జిల్లా రైతు తన భూమి గురించి పడే భయం మనకు నాటకంలా కనిపిస్తుంది. అందుకే బెదిరింపు, హింస దగ్గర తప్ప ఇంకెక్కడా గీత గీయొద్దంటాను. మీ ఫ్రెండ్ మెసేజ్ నాకు అసహ్యమే. అయినా వాడితో మాట్లాడండి.

నల్లకోటు (కడప) – శనివారం, రాత్రి 11:20

రాజువిహార్ గారికి ఒక సవరణ. పాపర్ 1945లో ఆ మాట రాసిన చోటే ఇంకోటి కూడా రాశాడు. ఎదురు వాదనతో నిలవరించగలిగినంత కాలం, జనాభిప్రాయం అదుపులో పెట్టగలిగినంత కాలం, అటువంటి అభిప్రాయాలను అణచడం తెలివైన పని కాదన్నాడు. వాళ్లు వాదన వినొద్దని తమ మనుషులకు చెప్పి, వాదనకు పిడికిలితో, పిస్తోలుతో జవాబు చెప్పమన్నప్పుడు మాత్రం అణచే హక్కు ఉంచుకోవాలన్నాడు. సగం మాటే అందరి నోటా తిరుగుతోంది.

మన చట్టం కూడా దాదాపు అక్కడే గీసింది. రాజ్యాంగంలో 19(1)(ఎ) వాక్ స్వాతంత్ర్యం ఇస్తుంది, 19(2) దానికి హద్దులు చెప్తుంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు పెడితే శిక్ష అన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మూడు మెట్లు చెప్పింది: చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం. చర్చించినా, గట్టిగా సమర్థించినా, ఎంతమందికి నచ్చకపోయినా రక్షణ ఉంటుంది. రెచ్చగొట్టడం దాకా వస్తేనే 19(2) తలుపు తెరుచుకుంటుంది. మతం, కులం పేరుతో వైరం పెంచితే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 196, పాత ఐపీసీలో 153ఎ. మూడేళ్ల దాకా శిక్ష.

కానీ పెన్నగాలి గారూ, ఇదంతా ప్రభుత్వం ఎవర్ని శిక్షించవచ్చు అన్న ప్రశ్నకు జవాబు. మీరు అడిగింది అది కాదు. జైల్లో పెట్టకూడని మాట ప్రతిదీ మనం కూర్చుని గౌరవంగా వినాల్సిన మాట అయిపోదు. మీ ఫ్రెండ్ ఈ రెండిటినీ కలిపేస్తున్నాడు. మాట్లాడే హక్కు అతనికి ఉంది. మీ చెవి మీద హక్కు అతనికి లేదు.

తుంగభద్రఒడ్డు (కర్నూలు) – ఆదివారం, ఉదయం 7:15

రాత్రి అంతా చదివాను, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆ మెసేజ్‌లో "ఫలానా మతం" మాదే. మా అబ్బాకు పాతబస్తీలో చిన్న గుడ్డల అంగడి ఉంది.

మీకు ఇది చర్చ. మాకు ఏమిటో చెప్తాను. మా అంగట్లో గోడకు తగిలించిన అరువు పుస్తకం ఉంది. అందులో సగానికి పైగా హిందువుల పేర్లే. పండక్కి గుడ్డలు తీసుకుని, వేరుశెనగ అమ్ముకున్నాక కట్టేవాళ్లు. ఇట్లాంటి మెసేజ్ ఒకటి ఊళ్లో తిరిగినప్పుడు, ఎప్పుడూ విడతలుగా కట్టే ఒకామె వచ్చి బాకీ మొత్తం ఒకేసారి కట్టేసింది. గొడవ పడలేదు, ఒక్క మాట అనలేదు. అబ్బా ఆమె పేరు కొట్టేసి, పుస్తకం మూసి, చాలాసేపు అట్లాగే కూర్చున్నారు. ఆమె మళ్లీ రాలేదు.

నేను వాదనకు భయపడే మనిషిని కాదు. 2019 ట్రిపుల్ తలాక్ చట్టం మీద నాతో వాదించండి, మా ఇంట్లోనే దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. 2025 వక్ఫ్ సవరణ చట్టం మంచిదని చెప్పండి, వింటాను, చదివి జవాబిస్తాను. మా మతపెద్దలను విమర్శించండి. అవన్నీ నేను ఒప్పుకోని రాజకీయ అభిప్రాయాలే, వినడానికి నాకేం అడ్డం లేదు. కానీ మా అబ్బా అంగడి తెరవచ్చా లేదా అన్నదాని మీద ఓపెన్ మైండ్‌తో ఉండమంటే ఎట్లా? ఆ చర్చలో మీరు ఓడితే మీకు పోయేదేమీ లేదు. మాకు పొద్దున్నే షట్టర్ తీసే ధైర్యం పోతుంది.

ఇంకో మాట. ఉగాది రోజు దేవుని కడపలో ముస్లింలు వెంకటేశ్వరస్వామికి మొక్కే ఫోటోలు ఏటా పేపర్లో వేస్తారు. నాకు ఆ ఆచారం అంటే ప్రాణం. కానీ ఇట్లాంటివి జరిగినప్పుడల్లా ఆ ఫోటో పెట్టి "మన సీమలో అంతా బాగుంది" అనకండి. ఆ రోజు మాకు కావాల్సింది గ్రూపులో ఒకరు లేచి "ఇది తప్పు" అనడం.

కేసీకెనాల్ – ఆదివారం, ఉదయం 8:02

అక్కా, మీరు రాసింది చదివాక నా గీతను కొంచెం జరుపుతున్నాను. హింస ఒక్కటే హద్దు అన్నాను. ఆ బాకీ కట్టేసిన ఆమె ఎవర్నీ కొట్టలేదు, అయినా అక్కడ ఒక మనిషి బతుకుదెరువు తెగింది. ఇతరుల పొట్ట కొట్టమని పిలుపివ్వడం అభిప్రాయం కిందికి రాదు, అది పని కిందికే వస్తుంది. దాన్ని పనిగానే చూడాలి.

ఆదోనిపత్తి (ఆదోని) – ఆదివారం, ఉదయం 9:30

నేను మీలో చాలామందికి ఎదుటి పక్షం. ఆ అంగళ్ల మెసేజ్ నాకూ నచ్చలేదు, అది ముందే చెప్తున్నా. అక్క రాసింది చదివి బాధపడ్డా.

అయినా ఇట్లాంటి చర్చల్లో నన్ను మండించే సంగతి ఒకటుంది. హద్దు అనే మాట వచ్చినప్పుడల్లా అది మా వైపే గీస్తారు. గుడి భూములు, మత మార్పిడులు, ఏది ఎత్తినా వెంటనే ద్వేషం అని ముద్ర. నేను కాలేజీలో ఉన్నప్పుడు గోడల మీద వర్గశత్రువును నిర్మూలించాలని ఎర్ర రంగుతో రాసేవాళ్లు. దాన్ని చూసి పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆవేశం, ఆదర్శం అని మెచ్చుకునేవాళ్లు. మనిషిని నిర్మూలించమనడం ఆ రోజు అభిప్రాయం ఎట్లా అయింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నాకు హద్దుల పాఠం చెప్పొద్దు.

చీనీతోట (కడప జిల్లా) – ఆదివారం, ఉదయం 10:11

మీరందరూ టౌన్లో ఉండి ఎంతదాకా వినాలి అని అడుగుతున్నారు. మా పల్లెలో అసలు మాట్లాడనిస్తారా అన్నదే ప్రశ్న.

మా ఊళ్లో ఏ పార్టీ బలంగా ఉంటే ఎదుటి పార్టీకి బూత్‌లో ఏజెంట్‌గా కూర్చునే మనిషి దొరకడు. పంచాయతీ ఎన్నికలను ఏకగ్రీవం అని చెప్పుకుంటారు. నామినేషన్ వేయబోయినవాణ్ణి దారిలో ఆపితే అది ఏకగ్రీవమే కదా మరి. మా నాయన ఒకసారి ఎదుటి పార్టీ తరఫున ఇల్లిల్లూ తిరిగాడు. ఓట్ల లెక్కింపు అయిన వారంలో మా చీనీ (బత్తాయి) చెట్లు నరికేశారు. చీనీ మొక్క పెట్టి కాపుకు రావాలంటే ఐదేళ్ల దాకా సాకాలి. బోరు ఎండితే ట్యాంకర్లతో నీళ్లు పోసి నిలబెట్టిన చెట్లవి. తెల్లారి పోయి చూస్తే పిందెలతో సహా నేల మీద పడున్నాయి, డ్రిప్పు పైపులు ముక్కలు ముక్కలు. నాయన ఒక కొమ్మ ఎత్తి చూసి, ఇంక ఏ పార్టీ వద్దన్నాడు. వాళ్లకు కావాల్సింది కూడా అదే.

ఆ పని చేయించిన నాయకుడు తర్వాత పార్టీ మారాడు. ఇప్పుడు ఆయనా, మా నాయన తిరిగిన పార్టీ నాయకుడూ పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. వాళ్లకు ఎంత ఓపెన్ మైండో.

నా లెక్క ఇది. నేను నరికే మాట చెప్పను, నువ్వు చెప్పొద్దు. ఆ తర్వాత ఎంతసేపైనా తిట్టుకుందాం.

గుత్తికోట (అనంతపురం జిల్లా) – ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఆదోని తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను ఆ ఎర్ర రాతల కాలం చూసినవాణ్ణి కాబట్టి నేనే చెప్తాను.

మా జిల్లాలో తరిమెల నాగిరెడ్డి, నీలం సంజీవరెడ్డి బావమరిది, బావ. 1952 ఎన్నికల్లో అనంతపురంలో నాగిరెడ్డి కమ్యూనిస్టుగా నిలబడి బావను ఓడించారు. తర్వాత సంజీవరెడ్డి 1956లో ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యారు. నాగిరెడ్డి 1969లో ఈ అసెంబ్లీ వల్ల పేదవాడికి ఒరిగేదేమీ లేదని రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఇద్దరి రాజకీయాలకూ ఎక్కడా పొంతన లేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ వర్గశత్రువులను ఒక్కొక్కరినీ మట్టుబెట్టాలని చెప్పినప్పుడు, ఆ పంథాను వ్యతిరేకించినవాళ్లలో నాగిరెడ్డి ముందున్నారు. జనాన్ని కూడగట్టకుండా మనుషులను చంపుకుంటూ పోవడం విప్లవం కాదన్నారు. దానికోసం సొంత శిబిరంలో దూరమయ్యారు, తిట్లు తిన్నారు. ఆయన సాయుధ పోరాటమే వద్దన్న మనిషి కాదు, అక్కడ నేను ఆయనతో ఏకీభవించను. కానీ హద్దు గీసింది ఎవరి మీద అన్నది చూడు. సొంతవాళ్ల మీద. ఎదుటివాళ్ల మీద గీత గీయడానికి ధైర్యం అక్కర్లేదు, మనవాళ్లు చప్పట్లు కొడతారు. మనవాళ్ల మీద గీసినప్పుడే అది నిజమైన హద్దు. ఆ గోడ రాతలను మెచ్చుకున్న ఆ పెద్ద చదువులవాళ్లు ఆ పని చేయలేదు. నువ్వు వాళ్లను తప్పుపట్టడం సబబే.

రాజువిహార్ – ఆదివారం, మధ్యాహ్నం 1:15

పెద్దాయనా, మరి ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంటుందంటారు కదా, ఆ జైనుల అనేకాంతవాదం? మీ వైపు కొనకొండ్లలో కుందకుందాచార్యుల కొండ ఉందని గొప్పగా చెప్పుకుంటారు. ఆ లెక్కన ఆ ఫ్రెండ్ మాటలో కూడా నిజం వెతకాలేమో.

గుత్తికోట – ఆదివారం, మధ్యాహ్నం 1:50

వజ్రకరూరు దగ్గర కొనకొండ్ల మా గుంతకల్లుకు పక్కనే, ఎన్నోసార్లు ఎక్కిన కొండ. అనేకాంతం చెప్పేది వస్తువుకు అనేక ముఖాలుంటాయని, ఒక చోట నిలబడ్డవాడికి అన్నీ కనపడవని. ప్రతి వాక్యమూ నిజమేనని ఎక్కడా చెప్పలేదు. ఇంకోటి గమనించు. ఎదుటివాడి దృష్టిని అంత మన్నించమన్న ఆ జైనులే అహింస దగ్గర మాత్రం ఇసుమంత కూడా సడలించలేదు. చీమ ప్రాణం గురించి కూడా రెండో మాట లేదు. ఆ రెండూ ఒకే మతంలో పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ప్రాణానికి ఢోకా లేదని ముందు తేలితేనే ఎన్ని ముఖాలైనా తీరిగ్గా చూడగలం.

నందికొట్కూరు టీచర్ – ఆదివారం, సాయంత్రం 5:30

హద్దు గురించే అందరూ మాట్లాడుతున్నారు. హద్దుకు ఇవతల ఉన్న మాటలను నిజంగా వింటున్నామా అన్నది కూడా చూడాలి. మనం వినడం లేదు.

శ్రీశైలం నీళ్లు సీమకు వదిలే పోతిరెడ్డిపాడు గేట్లు మా బడికి దగ్గరే. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పాను: మహబూబ్‌నగర్ రైతువై పోతిరెడ్డిపాడు విస్తరణ వద్దని వాదించు. మొదట ఎవరూ ఒప్పుకోలేదు, "వాళ్లు దొంగలు టీచర్" అన్నారు. తర్వాత అంకెలు బోర్డు మీద రాశాం. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. కనీస మట్టం 1996 జీవోలో 834, 2004 జీవోలో 854. పోతిరెడ్డిపాడు 2005లో 11,150 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచాలని నిర్ణయం, 2020లో 80,000కు పెంచుతామని ఇంకో జీవో. ఒక పిల్లవాడి మేనత్త ఊరు పాలమూరు. వాడు లేచి, "మా అత్తవాళ్లు కూడా బొంబాయికి వలస పోయేవాళ్లంట టీచర్, ఆ నీళ్లే వాళ్లకూ కావాలంట" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. ఆ తర్వాత మిగులు జలాలంటే ఏమిటి, వరద ఎన్ని రోజులుంటుంది అని వాళ్లే అడగడం మొదలుపెట్టారు.

పిల్లల అభిప్రాయం మారలేదు. సీమకు నీళ్లు కావాలనే అంటారు, నేనూ అంటాను. కానీ దొంగలు అనే మాట పోయింది. అంగడి బహిష్కరణ లాంటి మాటల దగ్గర గట్టిగా నిలబడండి, నేను మీతోనే ఉన్నాను. ఆ పట్టుదలను నీళ్ల మీదికి, రాజధాని మీదికి, పథకాల మీదికి తేవద్దు. అక్కడ ఎదుటివాడి దగ్గర మనకు తెలియనిది ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది.

పెన్నగాలి – ఆదివారం, రాత్రి 8:20

అందరికీ నమస్కారం. ఒక చిక్కు మిగిలింది. వాడు పెట్టేవాటిలో సగం వీడియోలు. అబద్ధమని నాకు అనుమానం, వాడికి నిజమని నమ్మకం. దీన్ని అభిప్రాయ భేదం అనుకోవాలా?

కేసీకెనాల్ – ఆదివారం, రాత్రి 8:41

ఒక్క వీడియో తీసుకుని అడగండి: "ఇది అబద్ధమని తేలితే తీసేసి, గ్రూపులో ఆ మాట చెప్తావా?" తీసేస్తాను అంటే ఎంత ఓపికైనా పెట్టండి, కూర్చుని వెతకండి. నిజమని తేలితే మీరూ ఒప్పుకోవాలి. "ఇది కాకపోతే ఇంకోటి నిజం" అన్నాడంటే వాడు మీ మాట వినే స్థితిలో లేడు. వినేవాడు లేని చోట ఓపెన్ మైండ్ ఒక్కవైపు నుంచే ఉండాలంటే కుదరదు.

నల్లకోటు – ఆదివారం, రాత్రి 9:10

చట్టం మీద ఆధారపడొద్దని ఎందుకు అంటున్నానో ఒకటి చేర్చాలి. న్యాయ సంహిత 196 కింద పోలీసులు కేసు కట్టగలరు, కానీ కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పాత సీఆర్‌పీసీ 196, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 217. అంటే ఎవరి ద్వేషం కోర్టుదాకా పోతుందో అధికారంలో ఉన్నవాళ్ల చేతిలో కూడా ఉంది.

ఆదోనిపత్తి – ఆదివారం, రాత్రి 9:48

అదే నేను చెప్పేది. ఈ రోజు మా మీద, రేపు మీ మీద. గీత గీసే పెన్ను ప్రభుత్వం చేతికి ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

సొంతవాళ్లకు సొంతవాళ్లే చెప్పాలన్న పెద్దాయన మాట మాత్రం ఒప్పుకుంటున్నా. మా గ్రూపులో అంగళ్ల మెసేజ్ వస్తే తీసెయ్ అని నేనే అంటా. నా నోటి నుంచి వస్తే వింటారు. మీరంటే వినరు. అక్కా, మీ వైపు కూడా ఇట్లాగే చెప్పేవాళ్లు ఉన్నారా?

తుంగభద్రఒడ్డు – ఆదివారం, రాత్రి 10:06

ఉన్నారన్నా. మా వీధి గ్రూపులో ఒకడు హిందువుల దగ్గర కొనొద్దని పెడితే మా తమ్ముడు తీయించాడు. అమ్ముడుపోయావు అని వాణ్ణి తిట్టారు. వాడు ఇప్పటికీ అదే గ్రూపులో ఉన్నాడు, అదే మాట చెప్తున్నాడు.

ఆదోనిపత్తి – ఆదివారం, రాత్రి 10:15

మీ తమ్ముడికి నా నమస్కారం చెప్పండి. గుడి భూముల సంగతి వేరే చర్చగా పెడుతున్నా. ముద్రలు వేయకుండా చివరిదాకా చదవాలి మీరంతా.

తుంగభద్రఒడ్డు – ఆదివారం, రాత్రి 10:19

పెట్టండి, చదువుతాను. వక్ఫ్ భూముల ఆక్రమణల గురించి నేనూ అందులోనే రాస్తాను, అది మీరూ చివరిదాకా చదవాలి.